కార్డు చూపించినా ఆపేశారు

ఈ రోజు సూరత్‌లో మా లైబ్రరీకి కార్డు మర్చిపోయి వెళ్లాను. ఇక్కడి లింబాయత్ పేటలో ఉండే మన తెలుగు వాచ్‌మన్ యాదగిరన్న నవ్వి లోపలికి పంపించేశాడు. నా వెనకే, టాంజానియా నుంచి వచ్చి ఇక్కడ ఫార్మసీ చదువుతున్న గ్రేస్ కార్డు చూపించింది. అయినా ఆమెను ఆపి, బ్యాగులో ఉన్నవన్నీ బల్ల మీద పెట్టించాడు.

“నన్ను వదిలేసి ఆమెనెందుకన్నా?”

“మీరు మనోల్లు మేడం. గీ నల్లోల్లను జర జూస్కోవాలె.”

తెలుగు రాని గ్రేస్ “ఏమంటున్నాడు?” అని ఇంగ్లిష్‌లో నన్నడిగింది.

“రూలంట” అని అబద్ధమాడాను.

“మూడు నెలల నుంచీ ఆ రూల్ నా ఒక్కదానికేనా?” అంటూ పుస్తకాలు సర్దుకుని గేటు నుంచే వెనక్కి వెళ్లిపోయింది. రేపు ఆమెకు పరీక్ష.

నేను మాత్రం లోపలికెళ్లి, ఫ్యాన్ కింద సీటు చూసుకుని సాయంత్రం దాకా చదువుకున్నాను. మీరైతే లోపలికి వెళ్లేవారా?