శుక్రవారం సెలవు, శనివారం ఆయాసం

తేడాగా అనిపించింది ఒక శనివారం పొద్దున. నార్పోలిలోని మా కార్ఖానాలో సాంచాలు నడవడం మొదలై గంట కూడా కాలేదు, ఛాతీకి తాడు చుట్టి ఎవరో బిగిస్తున్నట్టయింది. పొడిదగ్గు. గాలి పీలుస్తున్నాను గానీ చాలడం లేదు. బయటికొచ్చి గోడకానుకుని నిలబడ్డాను. మర్నాటికి తగ్గింది, మంగళవారానికి మరిచేపోయాను. మళ్లీ శనివారం అదే బాధ.

నాకు నలభై ఆరేళ్లు. మా నాన్న సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి మహారాష్ట్రలోని ఈ భీవండికి వచ్చి, మరమగ్గాల మీద బతికిన మనిషి. వాటినే మేం సాంచాలంటాం. నేను కూలీగా మొదలై సొంతంగా కాటన్ బట్ట నేసే కార్ఖానా పెట్టుకున్నాను. పేరుకు సేటునే గానీ, కళ్ల ముందు పోగు తెగితే నా చెయ్యి ఊరుకోదు.

నాలుగు శనివారాలు వరసగా ఇలా అయ్యేసరికి నా భార్య పద్మ తేల్చేసింది.

"గిది మందులకు తగ్గేది గాదు. నీకు శని వట్టిండు. లేకుంటే శనివారమే ఎందుకొస్తది?"

అందరి నమ్మకాలనూ ఎగతాళి చేసే నేనే ఆమె మాట విన్నాను. ప్రతి శనివారం మారుతి గుడిలో నూనె పోసి, జిల్లేడాకుల దండ వేసి, అటునుంచి అటే కార్ఖానాకు వెళ్లేవాణ్ణి. గంటలో ఆయాసం. పద్మ నూనె సీసా పెద్దది చేసింది.

శాంతి నగర్ డాక్టర్‌గారు టీబీ అనుమానించారు. కఫం పరీక్షలో ఏమీ లేదు, ఎక్స్‌రే బాగుంది. దగ్గు సిరప్ రాసిచ్చి "వీక్‌నెస్" అన్నారు. ఈలోగా ఆయాసం శనివారం దాటి సోమవారం దాకా పాకింది. నాకు భయమేసింది. నేత తప్ప నాకింకో పని రాదు, ఆ కార్ఖానాలో నిలబడలేకపోతే నేనేం కావాలి?

చివరికి థానేలో ఛాతీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. మరాఠీ ఆవిడ. అంతా విని హిందీలో ఒకే ప్రశ్న అడిగారు, "వారానికి ఛుట్టీ ఏ రోజు?"

"శుక్రవారం మేడమ్, మా కార్ఖానాలన్నిటికీ."

"ఆదివారం సెలవైతే మీకు సోమవారం వచ్చేది," అన్నారావిడ. "ఇది బిస్సినోసిస్. కాటన్ డస్ట్ వల్ల వస్తుంది. సెలవు రోజు ఊపిరితిత్తులు తేరుకుంటాయి. మళ్లీ డస్ట్ తగలగానే బిగుసుకుంటాయి."

శనివారం పనికి ముందోసారి, పని అయ్యాక ఇంకోసారి పీఎఫ్‌టీ చేశారు. అంటే గొట్టంలోకి ఊది ఊపిరి బలం చూసే పరీక్ష. సాయంత్రం ఊదినప్పుడు బాగా పడిపోయింది. ఇన్‌హేలర్ రాసిచ్చి, రెండు నెలలు కార్ఖానా గడప తొక్కొద్దన్నారు.

నేనేమో పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. ఆరో వారానికి ఒళ్లు తేలికవగానే మూతికి దస్తీ కట్టుకుని వెళ్లి, బ్లోయర్‌తో సాంచాల మీది ధూళి ఊదాను. ఆ సాయంత్రమే నెబులైజర్ పెట్టాల్సి వచ్చింది.

"మందు నేనిస్తున్నాను, డస్ట్ మీరిస్తున్నారు," అని డాక్టరమ్మ గట్టిగానే కోప్పడ్డారు. "వైద్యం మీ కార్ఖానాకూ చేయించండి." తనకు తెలిసిన ఆక్యుపేషనల్ హెల్త్ డాక్టర్‌ను పంపారు. పని వల్ల వచ్చే జబ్బులను పనిచోటికే వచ్చి చూసే డాక్టర్లు ఉంటారని నాకప్పటిదాకా తెలియదు.

ఆయన వచ్చి ఒక్కొక్కరినీ అడిగారు. అందరిదీ ఒకటే జవాబు, "ఏం లేదు సార్, ఫస్ట్ క్లాస్." రాములు మామ కూడా అంతే. నాకు పోగు ముడెయ్యడం నేర్పిన మనిషి ఆయన. బయట నన్ను అల్లుడా అంటాడు, కార్ఖానాలో మాత్రం సేటూ అంటాడు.

డాక్టర్ నన్ను పక్కకు పిలిచారు. "మీకేం వచ్చిందో ముందు మీరు చెప్పండి."

సాంచాలు ఆపించాను. జేబులోంచి ఇన్‌హేలర్ తీసి అందరి ముందే పీల్చి, జరిగిందంతా చెప్పాను. రాములు మామ తల దించుకునే అన్నాడు.

"నాక్గూడ శనివారమొస్తే గట్లనే అయితది సేటూ. మూడేండ్లాయె. చెప్తే పనిలకెళ్లి తీసేస్తవని చెప్పలె."

నాకు సిగ్గేసింది. శనివారం పనికి రానివాళ్లను తాగి పడుకున్నారని నోటికొచ్చినట్టు తిట్టినవాణ్ణి నేను.

"ఊపిరి పరీక్ష రిపోర్టు జూసి ఎవ్వలినీ తియ్య," అన్నాను. "డాక్టర్ సాబ్ ముంగట చెప్తున్న."

ఆ తర్వాత ఇంకో నలుగురు నోరు విప్పారు.

బ్లోయర్ మూలకు పడింది, వాక్యూమ్ వచ్చింది. ఎగ్జాస్ట్ ఫ్యాన్లు పెట్టించాం. దస్తీలు పోయి సరైన మాస్కులొచ్చాయి. ఆరు నెలలకోసారి అందరికీ పీఎఫ్‌టీ. రాములు మామను అదే జీతం మీద బట్ట చెకింగ్ గదికి మార్చాను. "ఏందిరా, దవాఖాన వెట్టినవా?" అని నవ్విన పక్క సేట్లే ఇప్పుడు ఆ డాక్టర్ నంబర్ అడుగుతున్నారు. మా దగ్గర శనివారం సాంచాలు ఆగడం లేదు, చెయ్యి తిరిగిన మనుషులు పని వదిలి పోవడం లేదు. అది వాళ్లకు కనబడుతోంది మరి.

ఇప్పుడు నేను రోజూ అంజూర్ ఫాటా కూడలి దాకా ఆగకుండా నడిచి వస్తాను. ఇన్‌హేలర్ అవసరం అరుదు. రాములు మామ ఊపిరి మాత్రం పూర్తిగా తిరిగి రాదని డాక్టర్ దాచకుండా చెప్పారు. ఆలస్యమైంది.

మొన్న వాళ్లింట్లో చాయ్ తాగుతూ అడిగాను, "కార్ఖానల భయమైతే, ఇంటికాడనన్న చెప్పద్దా మామా?"

"నువ్వు ఒక్కనాడన్న అడిగినవా అల్లుడా?" అన్నాడు.

అడగలేదు. సేట్లకు నేనిచ్చే సలహా అందుకే ఒక్కటి. డాక్టర్‌ను పిలిచేముందు, ఎవరి పనీ పోదని అందరి ముందు మాటివ్వండి. మీరు అడగరు, వాళ్లు చెప్పరు, ఈలోగా పోయే ఊపిరి మాత్రం వాళ్లదే.