జానెడు కోసిన పలక

నేను బోరు మోటార్ల మేస్త్రీని. నల్లమాడ చుట్టుపక్కల ఎవరి బోరులో మోటారు ఎత్తాలన్నా, దించాలన్నా నన్నే పిలుస్తారు. నీళ్లు అందలేదా, ఇంగో రెండు పైపులు దించు. అప్పటికీ అందలేదా, ఇంగో రెండు. ఇన్నేండ్లలో నా చేతులు నేర్చుకున్నది ఈ ఒక్క ముక్కే. మోటారు ఎంత లోతుకు పోతే అంత మేలని. ఆ పాడు తెలివే మా అన్నను తినేసింది.

అన్నంటే మా పెదనాయన కొడుకు. శెనిక్కాయ పెట్టి పెట్టి నడుం ఇరిగినోడు. కాలవ నీళ్లొచ్చి డ్యాము నిండినాక, చేనొదిలేసి చేపల పనికి దిగినాడు. ఆయప్పా, వదినా ఇద్దరే పోతాండిరి పడవలో. తెడ్డు వేసి వేసి భుజాలు పడిపోయినాయని కోస్తా నుంచి ఒక పాత ఇంజను తెప్పించినాడు. పడవ వెనకపలకకు తగిలిస్తే, కిందుండే ఫ్యాను నీళ్లల్లో తిరిగి పడవను తోస్తాది. తోస్తే కదా! పలక ఎత్తయిపోయి ఫ్యాను పైపైనే తిరిగింది. ఇంజను కుయ్యోమని అరుస్తాది గానీ పడవ కదల్దు.

"రేయ్, నువ్వే ఏమన్నా చెయ్యి," అన్నాడు అన్న.

ఇంజను అమ్మినోనికి ఫోను చేస్తిమి. "ఫ్యాను పైన రేకు ఉంటుంది చూడండి. అది పడవ అడుగుకు సమానంగా రావాలి. అంతకన్నా దించొద్దు," అన్నాడు. కొలిస్తే, పలకను నాలుగు వేళ్ల మందం కోస్తే సరిపోతాదని తేలింది.

నేను విన్నానా? "సముద్రం వాళ్లకేం తెల్సన్నా మన నీళ్ల సంగతి? ఎండాకాలం నీళ్లు దిగిపోతే అప్పుడేం చేస్తావు?" అంటి. నీళ్లు దిగితే పడవ కూడా వాటితోపాటే దిగుతాదనే ఇంగితం లేకపాయ. బోరు బుద్ధి! రంపం తీసుకొని జానెడు కోసేసినా.

"ఇంత కోసినావేమిరా, నీళ్లు లోపలికి రావా?" అన్నాడు అన్న.

"వస్తే తోడుకో," అని నవ్వినా. ఆయప్ప కూడా నవ్వినాడు. ఇంజను అరవలేదు. పడవ దూసుకుపోయింది. ఆ పొద్దు వదిన నాకు చేపల పులుసు చేసి పెట్టింది.

నెల తిరగలేదు. ఒక గాలి దినం, మొదటి వల ఎత్తుకొని రెండో వల కాడికి పోయినారు. చేపల బరువంతా వెనకే ఉండాది. వల అందుకోవాలని అన్న ఉన్నపాటున ఇంజను ఆపినాడు. పడవ ఆగింది గానీ దాని ఎనకాల తరుముకొస్తాండే అల ఆగలేదు. కోసిన తావు మీదుగా లోపలికి పడింది. ఆ ఎనకాలే ఇంగోటి. పడవ వెనక్కి కూలబడింది. వదిన వలకు కట్టిన ఖాళీ క్యాను పట్టుకొని తేలింది. అన్న కాళ్లకు వల చుట్టుకునింది.

ఈ కరువు నేలలో మనిషి నీళ్లల్లో మునిగి సచ్చేది నేను చూసింది అదే మొదలు. పాడె మోసినా. ఏడ్చినా. రాత అట్ల ఉండాదని అందరూ అంటాంటే నేనూ తలూపినా. చెప్పుతో కొట్టాల నన్ను.

మూడు నెలలకు వదిన ఫోను చేసింది. "ఏమప్పా, పడవ ఎత్తించినా. మా తమ్మున్ని తోడు పెట్టుకొని మళ్లా పోతా. ఇంగ నాకేముండాది బతికేదానికి? వచ్చి ఇంజను పెట్టిపో."

ఎవరూ చెప్పకుండానే చెక్క కొనుక్కొని పోయినా. కోసిన తావులో అతుకు వేసి బోల్టులు బిగించినా. ఇంజను పెట్టి, అడుగున కర్ర ఆనించి, రేకు సమానంగా వచ్చిందా లేదా అని చూసిందే చూసినా. వదిన ఇంజనును రెండు చేతులా పట్టుకొని ఉండాది. ఇంగ తట్టుకోలేక చెప్పేసినా.

"వదినా, తప్పంతా నాది. నేను అంత కోసుండకపోతే అన్న ఉండేవాడు."

ఆమె ఇంజను వదల్లేదు.

"తెల్సు. నీళ్లు యాడ నుంచి వచ్చినాయో చూసింది నేనే కదప్పా."

స్పానరు కింద పెట్టి అడిగినా. "మరి నన్నే ఏంటికి పిలిచినావు వదినా?"

"ఇంగొకడైతే భయం లేకుండా పెడతాడు," అనింది. "బిగించు."