దడి కట్టిన మార్తమ్మగారు

నిన్న పక్కింటివాళ్లు పెళ్లిపందిరికి పచ్చి తాటాకులు దింపించారు. ఎండ తగిలేసరికి వాటి వాసన మా వరండాలోకి వచ్చింది. కాఫీ చల్లారిపోతున్నా నేను కదల్లేదు. ఆ వాసనకి అందరికీ పెళ్లిళ్లు గుర్తొస్తాయి కాబోలు, నాకు మాత్రం మార్తమ్మగారు గుర్తొస్తారు. చీరకొంగు నడుముకి బిగించి, పళ్ల మధ్య తాటినార పట్టుకుని, ఆడపిల్లలందరి ముందూ తాటాకుల దడి కడుతున్న మార్తమ్మగారు.

అరవైల చివర్లో నేను శ్రీకాకుళంలో కాలేజీ చదువుతున్నాను. మాది నరసన్నపేట పక్కన పల్లె. కాలేజీ ఆడపిల్లలకి కవాతు నేర్పే శిబిరం ఎచ్చెర్ల దగ్గర ఒక మామిడితోటలో పెట్టారు. నాన్న ఒప్పుకున్నారు గానీ ఒక మెలిక పెట్టారు. "ఒంట్లో బాగోలేదని ఒక్క కబురొచ్చిందా, శిబిరమూ లేదు, సదువూ లేదు. ఇంటికొచ్చెయ్యడమే." ఆయన అన్నంత పనీ చేసే మనిషి. మార్తమ్మగారు మా శిబిరానికి పెద్ద, మిషన్ బడిలో డ్రిల్లు టీచరు. తెల్లచీర, కాళ్లకి కేన్వాసు బూట్లు. ఆ రెండూ కలిపి వేసుకున్న మనిషిని అంతకుముందు చూడలేదేమో, మొదటిరోజు మేమంతా చాటుగా నవ్వుకున్నాం. ఆవిడ ఈల ఊదాక నవ్వడం మానేశాం.

ఆ తోటలో గుడారాలున్నాయి, వంటశాల ఉంది, జెండాకర్ర ఉంది. ఆడపిల్లలకి మరుగు మాత్రం లేదు. చీకటుండగానే గుంపుగా పొలాలవైపు వెళ్లొచ్చేవాళ్లం. మళ్లీ పొద్దుగుంకాకే. మధ్యలో అవసరం రాకుండా ఉండాలంటే నీళ్లు తాగకపోవడమే ఉపాయం. అది మాకెవరూ నేర్పక్కర్లేదు. పెళ్లిళ్లకి వెళ్లినా, బస్సెక్కినా మా అమ్మలు చేసేది అదే.

వారం తిరక్కుండానే ఒక ఉదయం, ఎండలో సావధాన్‌గా నిలబడ్డ నాకు జెండాకర్ర రెండుగా కనిపించింది. కళ్లు తెరిచేసరికి మామిడిచెట్టు కింద మార్తమ్మగారి ఒళ్లో తల పెట్టుకుని ఉన్నాను. శిబిరం చూడడానికి వచ్చిన పెద్దాఫీసరు నావైపు వంగి, "ఆడపిల్లలు ఎండకి ఆగలేరండీ. ఈ అమ్మాయిని ఇవాళే ఇంటికి పంపించెయ్యండి" అన్నారు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. నా చదువు ఆ తోటలోనే ముగిసిపోయిందనుకున్నాను.

మార్తమ్మగారు ఎండిపోయిన నా పెదాలు చూశారు. "పొద్దున్నించీ నీళ్లు తాగినావా?"

"లేదండీ."

"ఏటీ, సుక్క కూడానా?"

తల అడ్డంగా ఊపాను. ఆవిడ నన్ను చెట్టుకి ఆనించి లేచి, వరసవైపు తిరిగారు. "పొద్దున్నించీ నీళ్లు తాగినోళ్లు సెయ్యెత్తండర్రా."

ఒక్క చెయ్యీ లేవలేదు. ఆవిడ ఆఫీసరువైపు తిరిగారు. "పిల్లలకి సత్తువ లేక కాదు సార్. మనం మరుగుకి దడి కట్టలేదు. పంపితే అందర్నీ పంపండి, లేదా ఈ పిల్ల ఎక్కడికీ ఎల్లదు." ఆఫీసరు వరసని చూసి, మరుగుకి గుంటలు తవ్వడానికి మనుషుల్ని పంపిస్తానన్నారు. అంత పెద్దమనిషికి ఎదురు చెప్పిన ఆడమనిషిని నేను చూడడం అదే మొదలు. నాకోసం చెప్పారన్న గర్వం ఇప్పటికీ తగ్గలేదు.

ఆ మధ్యాహ్నం కవాతు లేదు. బండిమీద తాటాకులు వచ్చాయి. దడి మాత్రం మార్తమ్మగారు మొదటి వరస తానే కట్టి చూపించి, మిగతాది మాచేత కట్టించారు. "ఆకు మీద ఆకు ఎక్కాల. సందు కనబడిందా, ఇప్పి మళ్లీ కట్టిస్తాను" అంటూ తిరిగారు. "కవాతుకొస్తే దడులు కట్టిస్తన్నారేటండీ?" అని ఒక పిల్ల గునిసింది. "ఇదీ కవాతేనే. ఒళ్లు సూసుకోనోళ్లు దేశాన్నేటి సూస్తారు?" అన్నారు. మర్నాటినుంచి మైదానం మొదట్లో చోడి అంబలి, అదే రాగిజావ, కుండలో పెట్టుకుని నిలబడేవారు. ఆవిడ కళ్లముందు గ్లాసుడు అంబలి, చెంబుడు నీళ్లు తాగితేనే వరసలోకి రానిచ్చేవారు. నెలసరి వచ్చినవాళ్లని దూరంగా కూర్చోనివ్వలేదు. సంచిలో ఉతికిన మెత్తటి గుడ్డలున్నాయో లేదో ముందే అడిగి, లేనివాళ్లకి తన పాతచీర చింపి ఇచ్చారు.

ఆఖరిరోజు కవాతులో ఆజ్ఞలిచ్చే పని నాకు అప్పగించారు. నాన్న వచ్చి, గొడుగు వేసుకుని జనం వెనక నిలబడ్డారు. అంతా అయ్యాక దగ్గరికొచ్చి, "నీ గొంతు అంత దూరం వస్తాదని నాకు తెలీదే అమ్మా" అన్నారు. పక్కనే ఉన్న మార్తమ్మగారు, "నీళ్లు తాగితే వస్తాదండి" అన్నారు. నాన్నకి అర్థం కాలేదు. నాకు నవ్వాగలేదు. నా చదువు ఆగలేదు.

తర్వాత నేనూ డ్రిల్లు టీచర్నే అయ్యాను. ఏ బడికి బదిలీ అయినా మొదటిరోజు ఆటస్థలం చూసేదాన్ని కాదు, బడి వెనక్కి వెళ్లి చూసేదాన్ని. మార్తమ్మగారు పోయి చాలా ఏళ్లయింది.

నిన్న కాఫీ వదిలేసి పక్కింటికి వెళ్లాను. పెరట్లో వంటకొచ్చిన ఆడవాళ్లు కూరగాయలు తరుగుతున్నారు. "వీళ్లకి మరుగు ఎక్కడ కట్టించారండీ?" అని అడిగాను. "ఆ సంగతే తోచలేదండీ" అన్నాడు పెళ్లింటాయన. పందిరికి పోగా మిగిలిన తాటాకులు గోడవారన ఉన్నాయి. చీరకొంగు నడుముకి బిగించాను.