రెంటచింతలకు తెచ్చిన ఆలివ్ తోట

ఒక పెద్దావిడను పదిహేనేళ్ళుగా ఉంటున్న ఊరి నుంచి, అసలు దేశం నుంచే సాగనంపేంత పని నేను చేతులారా ఎలా చేశానో ఇప్పుడు చెబుతాను. నవ్వండి, పర్వాలేదు. అప్పుడు ఏడుపొక్కటే తక్కువైన నేను కూడా ఇప్పుడు మీతో కలిసి నవ్వుతున్నాను. కాకపోతే మీలో ఎవరైనా ఇన్‌కమ్‌టాక్స్ రిటర్ను వేయించుకునేవాళ్ళుంటే, అది నింపే మనిషి మెలకువగా ఉన్నాడో లేదో ఒకసారి చూసుకోండి.

మూడేళ్ళ నాటి మాట ఇది. నరసరావుపేటలో మా బాబాయి ఎరువుల కొట్టు మీద ఒక గది తీసుకుని, గుమ్మానికి టాక్స్ కన్సల్టెంట్ అని బోర్డు తగిలించాను. వయసు ఇరవై ఆరు. చదువు బాగానే వంటబట్టింది గానీ కలలు కనడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. అమ్మ పెరుగు తెమ్మని గిన్నె ఇచ్చి పంపితే, దారిలో మబ్బులు చూస్తూ నిలబడిపోయి, గిన్నె నిండా వాననీళ్ళతో ఇంటికొచ్చిన చరిత్ర నాది. అలాంటివాడి చేతికి జనం తమ ఆస్తుల వివరాలు ఇచ్చారంటే, వాళ్ళ ధైర్యానికి దండం పెట్టాలి.

ఆ వేసవిలో నాకు రెంటచింతల నుంచి ఫోన్ వచ్చింది. చేసినాయన జోజిబాబు గారు. ఓడల్లో ఎలక్ట్రీషియన్‌గా పనిచేసి రిటైరైన మనిషి. ఆయన భార్య మార్తమ్మ గారిది పోర్చుగల్. అక్కడి రేవులో పరిచయమై పెళ్ళి చేసుకున్నారట. ఆయన రిటైరయ్యాక ఇద్దరూ ఆయన సొంతూరు వచ్చేశారు. ఆవిడ పాస్‌పోర్టు ఇప్పటికీ పోర్చుగల్‌దే కాబట్టి వీసా మీద ఉంటారు, గడువు తీరినప్పుడల్లా పొడిగించుకుంటారు. తెలుగు మాత్రం చర్చి మెట్ల మీద, కూరగాయల బండి దగ్గర నేర్చుకున్నారు. కళ్ళు మూసుకుని వింటే మాచర్ల బస్సులో పక్క సీటావిడ మాట్లాడుతున్నట్టే ఉంటుంది. తెరిచి చూస్తే నీలికళ్ళు, నెరిసిన బంగారు రంగు జుట్టు, ముతక నేతచీర.

వాళ్ళకొచ్చిన చిక్కు చిన్నదే. పోర్చుగల్‌లో మార్తమ్మ గారి నాన్న వదిలిపోయిన ఆలివ్ తోట ఒకటుంది. దాన్ని అక్కడి దూరపు బంధువొకాయన కౌలుకు చేస్తున్నాడు. ఆ కౌలు మీద అక్కడ పన్ను కడుతూనే ఉన్నారు, కాబట్టి ఇక్కడ ఏమీ చెప్పనక్కర్లేదని ఇన్నాళ్ళూ అనుకున్నారు. ఏడాదిలో సగానికి సగం రోజులు ఈ దేశంలో గడిపే మనిషి, ఏ దేశం పౌరులైనా సరే, లెక్క ప్రకారం ఇక్కడి నివాసి అవుతారు. ఇలా ఏళ్ళ తరబడి ఉండిపోయినవాళ్ళు బయటి దేశంలో వచ్చే ఆదాయం కూడా ఇక్కడ చూపించాలి. ఈ ముక్క ఎవరో చెబితే భయపడి నాకు ఫోన్ చేశారు.

నేను వెళ్ళింది మే నెల మిట్టమధ్యాహ్నం. రెంటచింతల ఎండ సంగతి మీకు చెప్పాలా? బస్సు దిగి నాలుగడుగులు వేసేసరికి నాకు నా పేరే అనుమానంగా తోచింది. వరండాలో వట్టివేళ్ళ తడికలకు నీళ్ళు చల్లి ఉంది. మార్తమ్మ గారు పెరుగన్నం పెట్టి, నిమ్మకాయ నీళ్ళిచ్చి, పడక్కుర్చీలో కూర్చోబెట్టారు. ఇంకేం కావాలి? నేను కాగితం, పెన్ను తీసి తోట గురించి చెప్పమన్నాను.

ఆవిడ చెప్పడం మొదలుపెట్టారు. కొండవాలు మీద తోటట. ఆకు పైన పచ్చగా, కింద వెండిలా ఉంటుందట. గాలి వీస్తే కొండ మొత్తం ఒక్కసారి తెల్లబడి, మళ్ళీ పచ్చబడుతుందట. చలికాలంలో చెట్ల కింద వలలు పరిచి, పొడుగాటి కర్రలతో కొమ్మలు కొడితే కాయలు జలజలా రాలేవట. వాళ్ళ నాన్న ఒక్కో చెట్టునూ పేరు పెట్టి పిలిచేవాడట. గానుగ ఆడే రోజుల్లో ఊరంతా పచ్చినూనె వాసన వేసేదట.

తడికల్లోంచి చల్లగాలి వస్తోంది. ఆవిడ గొంతు దూరమవుతోంది. నా కళ్ళ ముందు కొండవాలు మెల్లగా చదునైంది. మాచర్ల రోడ్డు పక్కన, మిరపతోటలు దాటాక, వెండి ఆకుల చెట్లు వరసగా నిలబడ్డాయి. తలపాగాలు చుట్టుకున్న మనుషులు కర్రలు పట్టుకుని కాయలు రాలుస్తున్నారు. వాటి మధ్య నుంచి సాగర్ కాలవ నిండుగా, చప్పుడు లేకుండా పారుతోంది. ఇంత అందమైన తోటను నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు. లేచేసరికి కాఫీ వచ్చింది. కాగితం మీద ఐదు హెక్టార్లు అన్న మాట తప్ప ఇంకేమీ లేదు.

జులైలో, వాళ్ళు పంపిన కౌలు లెక్క ముందు పెట్టుకుని, రిటర్ను వేయడానికి కూర్చున్నాను. ఇక్కడ మా ప్రాంతం సంగతి ఒకటి చెప్పాలి. పల్నాడులో వేసే రిటర్నుల్లో పొలం లేని రిటర్ను నేను చూడలేదు. కిరాణా కొట్టాయనకీ పొలముంటుంది, పంతులు గారికీ ఉంటుంది. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కాబట్టి ఆ గడి నింపడం నా చేతికి అన్నం కలుపుకున్నంత అలవాటు. మార్తమ్మ గారి తోట కూడా పొలమే కదా అని చెయ్యి దానంతటదే ఆ గడిలోకి వెళ్ళింది. ఈ దేశంలో ఉన్న పొలానికే ఆ మినహాయింపు అని నాకు తెలియదనుకోకండి. తెలుసు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

ఆ ఆదాయం కాస్త పెద్దదైతే ఫారం ఊరుకోదు, భూమి వివరాలు అడుగుతుంది. ఎన్ని ఎకరాలంది, ఐదు హెక్టార్లంటే పన్నెండు పైచిలుకు అన్నాను. సొంతమా అంది, సొంతమే అన్నాను. జిల్లా, పిన్‌కోడు చెప్పమంది. పోర్చుగల్ పిన్‌కోడు ఏడంకెలు, దీనికి కావలసింది ఆరు. అప్పుడు నా కళ్ళ ముందు మాచర్ల రోడ్డు, వెండి ఆకులు మళ్ళీ కదిలాయి. పల్నాడు జిల్లా అని రాసి, రెంటచింతల పిన్‌కోడు వేశాను. చివరి ప్రశ్న, నీటి వసతా, వర్షాధారమా? కాలవ పారుతుండగా నేనే చూశాను కదా. నీటి వసతి అని నొక్కి, రిటర్ను పంపేసి, హాయిగా టీ తాగాను.

అక్టోబరులో మార్తమ్మ గారు వీసా పొడిగింపుకు పెట్టుకున్న దరఖాస్తుకు ఆ రిటర్ను నకలు కూడా జతచేశారు. విచారణకు ఊరికొచ్చిన కానిస్టేబుల్ గ్రామ సచివాలయంలో, ఈమె పేరున ఉన్న పన్నెండెకరాల మాగాణి ఏ సర్వే నంబరులో ఉందని అడిగాడు. అక్కడున్న నలుగురూ ఈ మాట విన్నారు. ఆ కానిస్టేబుల్ టీ తాగి లేచేలోపు మార్తమ్మ గారి గేటు దగ్గర ఎదురింటి రైతు కోటయ్య నిలబడ్డాడు.

"కాలవ కింద పన్నెండెకరాలు పెట్టుకుని ఒక్క మాట గూడా చెప్పలేదేంది వదినా? కౌలుకి నాకియ్యి, మిరప ఏస్తా."

మార్తమ్మ గారు తనకు పొలం లేదని, ఉన్నదల్లా వాళ్ళ నాన్న తోటేనని చెప్పారు. తోటైనా పర్వాలేదు, చెట్లు కొట్టించి చదును చేయించుకుంటానన్నాడు కోటయ్య. అది కొండ మీద ఉందంటే, కొండ కిందైతే తన మేనల్లుడికి ట్రాక్టరుందన్నాడు. సాయంత్రానికి ఇంకో ముగ్గురు వచ్చారు. ఒకాయన గట్టు తగాదా ఏదైనా ఉంటే తను చూసుకుంటానన్నాడు. ఇంకొకాయన రాబోయే పంచాయతీ ఎన్నికల్లో నిలబడమన్నాడు. తనకు ఓటే లేదని ఆవిడ అంటే, ఇంత పొలమున్న మనిషికి ఓటు లేకపోవడం అన్యాయమని బాధపడి వెళ్ళాడు.

ఇంతవరకూ వేడుకే. మర్నాడు జోజిబాబు గారు ఫోన్ చేసి ఇదంతా చెప్పేసరికి నా మత్తు దిగిపోయింది. విదేశీయులు ఈ దేశంలో సాగుభూమి కొనకూడదు. కొన్నట్టు తేలితే వీసా పొడిగించడం సంగతి అటుంచి, ఉన్నదే పోవచ్చు. అంటే నా రాత ప్రకారం, ఒక విదేశీ పౌరురాలు పల్నాటి నడిబొడ్డున చట్టానికి విరుద్ధంగా పన్నెండెకరాల మాగాణి సంపాదించి, ఆ సంగతి తనే ప్రభుత్వానికి రాసిచ్చింది. ఫోన్ పెట్టేశాను. మొదటి బస్సెక్కి రెంటచింతల వెళ్ళాను.

అదే వరండా, అదే పడక్కుర్చీ. నేను అందులో కూర్చోలేదు. నిలబడే జరిగిందంతా చెప్పాను. నిద్రతో సహా చెప్పాను. జోజిబాబు గారు తల పట్టుకున్నారు. మార్తమ్మ గారు నన్ను కింద నుంచి పైదాకా చూశారు.

"మా నాయిన డెబ్బై ఏళ్ళు మోసుకున్నాడు ఆ తోటని. నువ్వు ఒక్క పూటలో ఈడకి తెచ్చావు. చానా బలమున్నోడివే."

నేను నవ్వబోయి ఆగిపోయాను. ఎందుకంటే ఆవిడ నవ్వడం లేదు. కొంగుతో కుర్చీ చేతి మీద లేని దుమ్ము తుడుస్తూ, నెమ్మదిగా అడిగారు.

"నన్ను పంపిచ్చేస్తే యాడకి పోవాల నాయనా? ఆడ నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు గూడా లేరు ఇప్పుడు."

అంత సిగ్గు నేను జీవితంలో పడలేదు. వేళాకోళానికి చెబుతున్న కథలోనూ ఈ ఒక్క చోట నాకు మాట తడబడుతుంది. ఆ రాత్రే అని చెబితే గొప్పగా ఉంటుంది గానీ, నిజానికి మర్నాడు పొద్దున పది గంటలకు, రెండు కప్పుల కాఫీ తాగి, కిటికీలు మూసి, సవరించిన రిటర్ను వేశాను. తోటను ఊడబెరికి మళ్ళీ పోర్చుగల్‌లో నాటాను. విదేశీ ఆస్తి కింద చూపించాను, కౌలును ఆదాయంలో కలిపాను, అక్కడ కట్టిన పన్నును ఇక్కడి పన్నులో తగ్గించమని కోరాను. సాగర్ కాలవను కూడా దాని దారిన దాన్ని పోనిచ్చాను.

తర్వాత ముగ్గురం నరసరావుపేటలో విదేశీయుల దరఖాస్తులు చూసే అధికారిణి ముందు కూర్చున్నాం. అద్దాలు పెట్టుకున్న, తొందరపడని మనిషి. పాత రిటర్ను, కొత్త రిటర్ను, పోర్చుగల్ పత్రాలు వరసగా చదివారు. పొలం రెంటచింతలలో ఉందని ఎందుకు రాశారని నన్ను అడిగారు. నిజం చెప్పాను.

"నాకు కలలో అక్కడ కనిపించింది మేడం."

ఆవిడ పాత రిటర్ను పక్కన పెట్టారు. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఇలాంటి సంజాయిషీ ఎవరూ ఇవ్వలేదని, అబద్ధమైతే ఇంతకంటే బాగా చెప్పేవాణ్ణని, కాబట్టి నమ్ముతున్నానని అన్నారు. తర్వాత మార్తమ్మ గారి ముందు ఒక కాగితం పెట్టి, ఈ దేశంలో మీ పేరున గానీ, మీ అనుభవంలో గానీ ఎలాంటి భూమీ లేదని రాసి సంతకం చేయమన్నారు. అంతే, పని అయిపోయినట్టే.

మార్తమ్మ గారు పెన్ను తీసుకున్నారు. రెండు మాటలు రాసి ఆగిపోయారు.

"లేదని రాయలేనమ్మా. ఉంది."

జోజిబాబు గారు కళ్ళు మూసుకున్నారు. ఎంత ఉందని అధికారిణి అడిగారు.

"ఆరడుగులు. సమాధుల్లో, మా అత్త పక్కన. ఫాదరు గారికి చెప్పి ఉంచుకున్నాం. ఆ పక్కది ఈయనది."

అధికారిణి అద్దాలు తీసి తుడుచుకున్నారు. అది ఈ లెక్కలోకి రాదని, ధైర్యంగా లేదని రాయమని చెప్పారు. ఉన్నదాన్ని లేదని రాస్తే రేపు తనను అక్కడ పడుకోనివ్వరేమోనని మార్తమ్మ గారి అనుమానం. ఆ చోటు ఎక్కడికీ పోదని, దానికోసం తొందర కూడా పడొద్దని, వీసా పొడిగిస్తున్నామని అధికారిణి చెప్పాకే మార్తమ్మ గారు సంతకం పెట్టారు. పెట్టి, పెన్ను మూసి, నా వైపు తిరిగారు.

"ఈ ఆరడుగులు మాత్రం నీ కంప్యూటర్లో ఎక్కించమాక నాయనా. కోటయ్య కౌలుకి అడుగుతాడు."

కావున, పూర్తి స్పృహలో, ఎవరి బలవంతమూ లేకుండా నేను ప్రమాణం చేసి చెప్పేదేమనగా: పెరుగన్నం తిన్నాక ఎవరి ఆస్తి వివరాలూ వినను. వింటే నిలబడి వింటాను. ఏ దేశపు చెట్టునూ దాని చోటు నుంచి వేళ్ళతో సహా కదిలించను. నాకు తెలిసినంతవరకు, నేను నమ్మినంతవరకు ఇదంతా నిజమని కింద సంతకం చేస్తున్నాను. స్థలం నరసరావుపేట. ఈసారి పిన్‌కోడు రెండుసార్లు సరిచూసుకున్నాను.