కాక అడిగిన గోలి

కాక పోయిండని సోమవారం పొద్దుగాల చిన్నమ్మ ఫోన్ చేసింది. మంచిర్యాలల నేను పనిచేసే మందుల షాపు అప్పుడే తెరుస్తున్న. షట్టర్ సగంలనే వదిలేసి గోదావరిఖని ఆటో ఎక్కిన. పదకొండు దినాలాయె, కాలు ఒక్కకాడ నిలుస్తలేదు. మీకన్న చెప్పుకుంటే మనసు కుదురుకుంటదేమోనని రాస్తున్న.

మా కాక, అంటే నాయన తమ్ముడు, బొగ్గుబాయిల సర్దార్. అందరికన్న ముందు లోపలికి పోయి, కట్టెతోటి పైకప్పు కొట్టి సప్పుడు వినేటోడు. డొల్ల సప్పుడొస్తే కప్పు కూలుతదని ఎవ్వల్నీ రానియ్యకపోయేటోడు. "నేను చూసొస్త, అందాక ఎవ్వలు కదలద్దు" అనేది ఆయన మాట. ఇంట్ల గూడ అదే తీరు. గోదాట్ల స్నానానికి పోతే ముందు తాను దిగి లోతు చూసేటోడు, మేము ఒడ్డుమీద గొణుక్కుంట నిలబడేది. నన్ను హాస్టల్ల ఏసే ముందు దినం తానొక్కడే బస్సెక్కి పోయి గది, బాత్రూం, కిటికీ గొళ్లెం అన్నీ చూసొచ్చిండు. నాయన లేని పిల్లను, ఆ ఫికర్ నాకు తెల్వనియ్యలే.

రిటైరైన కొన్నేండ్లకు మతిమరుపు మొదలైంది. అల్జీమర్స్ అన్నరు. ముందు తాళంచేతులు మర్శిండు, తర్వాత మా పేర్లు, తర్వాత చిన్నమ్మనే. "ఈమె ఎవలో గని మంచిగ వండుతది" అన్ననాడు చిన్నమ్మ మా ముంగట నవ్వి, వంటింట్లకు పోయి ఏడ్సింది.

అప్పుడే ఫోన్ల ఒక వార్త చదివిన. ఒక పాత యాంటీబయాటిక్ మెదడును ఈ రోగం నుంచి కాపాడొచ్చంట, ఎలుకల మీద చూసిన్రంట. మా షాపుల మూడో అరల ఉండే గోలి అది. ఆ దినం నాకు అన్నం సయించలే. దవాఖానకు ఉరికి కాకను చూసే డాక్టర్ సార్‌ను అడిగిన.

"ఎలుకల సంగతి వేరమ్మా. మనుషుల్లో తేలనిది నేను రాయను. ఈ వయసుల మంచికన్న చెడే ఎక్కువ కావచ్చు" అన్నడు.

నాకు తెలువదా ఆ మాట? చదివింది ఫార్మసీనే గద. అయినా సార్‌ను మనసుల మస్తు తిట్టుకున్న. ఆదివారం గోలీల షీటు పర్సుల ఏసుకోని కాక ఇంటికి పోయిన. చిన్నమ్మకు గూడ చెప్పలే.

ఒక గోలి తీసి అరచేతుల పెట్టుకున్న.

"ఏందది?" అన్నడు కాక.

"మతికి మందంట కాక."

"లోపటికి ఎవలన్న పోయి చూసొచ్చిన్రా?"

అచ్చం డ్యూటీ మీద అడిగినట్టే అడిగిండు. నాకు అబద్ధం నోట్లెకు రాలే. "లేదు కాక. ఎలుకల మీద తప్ప ఎవ్వల మీద చూడలే" అన్న.

లేచి నిలబడ్డడు. "అయితే నేను పోత. నువ్వు ఈడనే ఉండు" అని చెయ్యి చాపిండు.

నేను పిడికిలి మూసిన.

రెండు నెలలకు ఆయన పోయిండు. ఆనాడు ముప్పుందని తెలిసే గోలి అడిగిండా, ఊకెనే నోటికొచ్చిన మాటనా? తెల్వక అడిగితే నేను చేసింది సరే. తెలిసే అడిగుంటే మా కాకను నేనే ఆపిన. మీకేమన్న తోస్తే చెప్పుండ్రి, నాకైతే తోస్తలేదు.

ఆ ఆదివారం చాపిన చెయ్యి ఆయన దించలే. చిన్నమ్మ చాయ్ తెచ్చి, చాయ్ కోసమే అనుకోని గ్లాసు ఆ చేతిల పెట్టింది. కాక తాగలే. గ్లాసు పట్టుకోని నా పిడికిలి దిక్కే చూసుకుంట నిలబడ్డడు.