నీలం వేళ్ల యాదగిరి

యాదగిరికి ఒకటే పిచ్చి: నీలం. ఏది కడిగినా నీలం రంగులో ముంచందే ఆయన చేతులు ఊరుకోవు.

సౌదీలో, దమ్మాం శివారులోని ల్యాబులో ఆయనది జల్లెడ పని. బోరు నుంచి వచ్చిన రాతిపొడిని నానబెట్టి జల్లిస్తే, ఇసుక రేణువంత సముద్రపు గవ్వలు మిగులుతాయి. ఏ గవ్వ ఏ కాలానిదో చూసి ఆ పొర వయసు చెప్తారు. మూడు వందల కిలోమీటర్ల అవతలి పొరతో జత కలుపుతారు. జల్లెడలో ఇరుక్కున్న గవ్వ ఒక్కటి తర్వాతి రాతిలో పడిందా, కోట్ల ఏళ్ల లెక్క తలకిందులే. అందుకే కడిగిన ప్రతిసారీ జల్లెడను నీలంలో ముంచాలి. ఇరుక్కున్న దొంగ రంగుతో దొరికిపోతుంది.

ఆయన అక్కడితో ఆగితేనా! ఇకామా, అంటే అక్కడ ఉండే అనుమతి కార్డు, వేలిముద్రల ఆఫీసులో పోలీసు ఆయన బొటనవేలు మూడుసార్లు తుడిచి, నాలుగోసారి నీలం అంటిన తన వేలు చూసుకున్నాడు. రూములో తోడుండే ఇనాయతుల్లా, దాన్నీ ముంచేస్తాడని చాయ్ వడపోసే జాలిని దిండు కింద దాచుకునేవాడు.

"చాయ్ ఆకుపచ్చగున్నదేంది కాకా?" అని ఓసారి భూమేష్ గోల పెట్టాడు.

"నిన్నటి చాయ్‌పత్తి ఇయ్యాల్టి చాయ్‌ల పడితే ఎట్ల ఎరుకైతదిరా?"

భూమేష్ అదే జల్లెడ పనికి ఆరునెలల కింద వచ్చాడు. సొంతంగా నాలుగు పుస్తకాలు చదివినవాడు. ఒకరు చెప్తే వినడు. "ఉత్త నీళ్లు సాలవా?" అని నీలం మానేశాడు.

"గవ్వకు నోరు లేదు బిడ్డా. రంగే దాని నోరు," అనేవాడు యాదగిరి.

ఒకరోజు గవ్వల వయసు చూసే డాక్టర్ ఆరిఫా ఇద్దర్నీ పిలిచింది. "భూమేష్, పాత లేయర్ శాంపిల్‌లో కొత్తకాలం ఫాసిల్స్ వచ్చాయని రిపోర్ట్. నీ జల్లెడే మురికిదంటున్నాడు మేనేజర్. ఫైనల్ ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేస్తాడట."

జల్లెడను నీలంలో ముంచలేదని భూమేష్‌కు తెలుసు.

"రిపోర్టు పక్కన పెట్టి గవ్వల రంగు సూడుండ్రి మేడమ్," అన్నాడు యాదగిరి.

ఆమె మైక్రోస్కోపు మీదికి వంగింది. "నీలంవి రెండే. కొత్తకాలం గవ్వలన్నీ తెల్లగానే ఉన్నాయే!"

"అయితే అవి జల్లెడల నుంచి రాలె. బోరు పైగోడలున్న కొత్త పొర నుంచి రాలిపడ్డయి."

"కరెక్ట్! మేనేజర్‌కి ఇప్పుడే రాస్తా."

బయటికి రాగానే భూమేష్ ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "కాకా, నేను నీలం పెట్టనే లేదు."

"ఎరుకే. నువ్వు పొడి ఆరబెట్టనీకి లోపటికి పోంగనే నీ జల్లెడ నేనే ముంచుతున్న. ఆర్నెల్ల సంది."

జల్లెడ అంచున పాత మరక అనుకున్న నీలం ఎందుకు వదలడం లేదో భూమేష్‌కు అప్పుడర్థమైంది.

"నాకు చెప్పొద్దా?"

"చెప్తే ఇంటివా? సదువుకున్నోనివి!"

ఆ సాయంత్రం చాయ్ మళ్లీ ఆకుపచ్చగా వచ్చింది. ఇనాయతుల్లా కప్పులోకి చూసి అరవబోయాడు.

"మైఁ నహీఁ భాయ్!" యాదగిరి తాను కాదన్నట్టు రెండు చేతులూ ఎత్తేశాడు.

భూమేష్ గర్వంగా తన నీలం వేళ్లు చూపించాడు.