హర్టయిందట

మొన్న నూజివీడు బస్టాండు దగ్గర ఆటో ఎక్కితే ఎదురు సీట్లో ఇద్దరు కాలేజీ అమ్మాయిలు కూర్చున్నారు. అందులో ఒకమ్మాయి, "నేనెంత హర్టయ్యానో తెలుసా?" అంది. వెంటనే నా చూపు ఆ పిల్ల చెంపల మీదికి పోయింది, ఆ తర్వాత మోచేతుల మీదికి. తీరా చూస్తే, తను పెట్టిన ఫొటోకి స్నేహితురాలు లైకు కొట్టలేదట, అదీ సంగతి. నేను గుచ్చి గుచ్చి చూడటం గమనించి ఆ పిల్ల చున్నీ సర్దుకుని ఫోనులో తల దూర్చింది. ఎవరో పిచ్చిది అనుకుని ఉంటుంది. అనుకోనీ. నొప్పిని ఇంగ్లీషులో చెప్పుకునేవాళ్లని నేను ఒక పట్టాన నమ్మను. ఇది మా మేనత్త దగ్గర అబ్బిన బుద్ధి.

అమ్మ పోయాక అక్కనీ నన్నూ పెంచింది ఆవిడే. నాన్నది మామిడికాయల వ్యాపారం. ఎండాకాలం వస్తే పెరట్లో షెడ్డు నిండా కాయలు, వరిగడ్డి, ముక్కుపుటాలు మండే సొన వాసన. ఆ షెడ్డు గుమ్మంలో పీట వేసుకుని కూర్చుని మా అత్తయ్య వచ్చేవాళ్లనీ పోయేవాళ్లనీ అనుమానించేది. పాలవాడు నీళ్లు కలిపాడని, రైతు అడుగున మచ్చకాయలు పేర్చాడని, ఆఖరికి గుళ్లో పంతులుగారు అర్చనలో మా గోత్రం మింగేశారని. ఇక ఇంగ్లీషు మాట వినపడిందా, అంతే. కూలీల మేస్త్రీ "బాడీ పెయిన్స్ అండీ" అని సెలవడిగితే, "పెళ్లికెళ్తున్నావా, పేకాటకా?" అనేది. అతను నవ్వేసేవాడు, అంటే దొరికిపోయినట్టే. నాన్న "టెన్షన్‌గా ఉందే" అని సణిగితే, "కాఫీ కావాలని చెప్పొచ్చుగా" అంటూ తెచ్చి ముందు పెట్టేది. "నొప్పెడితే నొప్పంటాం, ఏడుపొస్తే ఏడుస్తాం. మధ్యలో ఇంగ్లీషెందుకొచ్చిందీ అంటే ఏదో కప్పెట్టడానికే" అని ఆవిడ సిద్ధాంతం. మేమిద్దరం పడీ పడీ నవ్వేవాళ్లం. అక్కయితే కాల్లో ముల్లు గుచ్చుకున్నా "అత్తయ్యా, ఇంజురీ!" అని అరిచి ఆవిణ్ణి ఉడికించేది.

అక్కని విస్సన్నపేట ఇచ్చాం. బావ అక్కడే లెక్చరరు. మెత్తని మాట, ఎవరితోనైనా అండీ లేకుండా మాట్లాడేవాడు కాదు. దేవుడిచ్చిన అల్లుడని నాన్న ఊరంతా చెప్పుకున్నాడు. ఏడాది తిరిగేసరికి ఫోన్లలో అక్క మాటలు తగ్గాయి. ఎలా ఉన్నావే అంటే "కొంచెం డల్‌గా ఉందత్తయ్యా" అనేది. తర్వాత "అప్‌సెట్‌గా ఉన్నా" అంది. ఇంకోసారి "బాత్రూంలో స్లిప్పయ్యాను" అంది. ఆ ఫోను పెట్టేశాక అత్తయ్య నా వైపు తిరిగింది. "ఇదివరకు ఇంగ్లీషు ముక్క నన్ను ఉడికించడానికి అని, తనే నవ్వేది. ఇప్పుడు అదే నవ్వట్లేదే" అంది నాతో. నాన్న కసిరాడు. "ఆడపిల్ల కాపురంలో వేలు పెట్టకు. అనుమానం పెనుభూతం అని ఊరికే అన్లేదు."

శ్రావణమాసంలో వరలక్ష్మీ వ్రతానికి అక్క ఒక్కతే వచ్చింది. ఎడమ కంటి కింద కమిలిన మచ్చ, దాని మీద దట్టంగా పౌడరు. ఎవరూ అడక్కముందే, "సొన పడింది. ఎలర్జీ" అంది. మా వైపు మొహమ్మీద మచ్చకి సొనని మించిన సాకు లేదు, ఎవరూ రెండో ప్రశ్న వెయ్యరు. కానీ శ్రావణంలో ఏ చెట్టుకి కాయ ఉంటుంది? నాన్న అదేమీ ఆలోచించకుండా ఆయింట్‌మెంటు తెప్పించాడు. అత్తయ్య పల్లెత్తు మాట అనలేదు. నాకు భయం వేసింది అందుకే. ఆవిడ తన అనుమానాన్ని నోట్లోనే ఉంచుకోవడం అంతకుముందెప్పుడూ చూడలేదు.

అక్క వెళ్లిన కొద్దిరోజులకే, "తాండ్ర ఇచ్చొద్దాం పద" అని నన్ను విస్సన్నపేట బస్సెక్కించింది. నాన్నకి చెప్పలేదు. దారిలో, "మనం పొరపాటు పడితేనో అత్తయ్యా?" అన్నాను. "పడితే ఏముందే, తాండ్ర ఇచ్చి కాఫీ తాగి వచ్చేద్దాం. చాదస్తపుదాన్ననుకుంటారు. నాకేం కొత్తా?" అంది.

తలుపు బావే తీశాడు. "రండి రండి, ఒక్క ఫోన్ చేస్తే నేనే వచ్చేవాణ్ణి కదండీ" అన్నాడు. అక్క వంటింటి గుమ్మంలోనే ఆగిపోయింది. ఈసారి పెదవి చిట్లి ఉంది. అత్తయ్య కళ్లు అక్కడ పడటం చూసి అతనే అందుకున్నాడు. "ఏం లేదండీ, చిన్న మిస్‌అండర్‌స్టాండింగ్. తను కొంచెం సెన్సిటివ్ కదా, హర్టయింది." ఎంత మర్యాదగా చెప్పాడంటే, నేను తలాడించబోయాను కూడా.

అత్తయ్య తాండ్ర పొట్లం బల్ల మీద పెట్టింది. "హర్టయిందా? నాకు ఇంగ్లీషు రాదు బాబూ, తెలుగులో చెప్పు. కొట్టావా?"

"అంటే... ఎమోషనల్‌గా కొంచెం..."

"తెలుగులో."

అతను గోడ గడియారం వంక చూశాడు. అక్కే అంది, మెల్లగా. "కొట్టాడత్తయ్యా. ఇదే మొదటిసారి కాదు."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. అత్తయ్య ఏడవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. "చెప్పులేసుకో" అంది. బట్టలు సర్దుకుంటానని అక్క లోపలికి తిరిగితే, "చీరలు నూజివీడులో అమ్ముతారు, పద" అంది. "పెద్దవాళ్లం కూర్చుని మాట్లాడుకుందాం, ప్లీజ్ అండీ" అంటూ అతను గేటు దాకా వచ్చాడు. ఆవిడ వెనక్కి తిరిగి చూడలేదు. ఇంటి దగ్గర నాన్న ఆ పెదవి చూశాడు. ఆ తర్వాత పంచాయితీలకి ఎంతమంది వచ్చినా, గుమ్మం దగ్గర నాన్నే నిలబడి పంపించేశాడు.

అత్తయ్య ఇప్పుడు లేదు. అక్క ముసునూరులో టీచరు, మళ్లీ గట్టిగా నవ్వుతుంది. ఎంతటి దెబ్బనైనా కాలమే మానుపుతుందమ్మా అని చుట్టాలు ఇప్పటికీ అంటుంటారు. ఆ కాలం మీదా నాకు అనుమానమే. అక్కని దానికే వదిలేసి ఉంటే ఇంకో ఏడాదికి ఏం మిగిలేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. మానిపింది కాలమే కావచ్చు, కాదనను. కానీ దానికంటే ముందు బస్సెక్కింది మా అత్తయ్య.